కుడి బొటనవేలు పోయింది, 40 వేలు చేతిలో పెట్టి సంతకం చేయించుకున్నారు. ఇంకేమైనా వస్తుందా?

అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ముందు చెప్తాను, తప్పుంటే సరిచేయండి. మీ తమ్ముడికి 30 ఏళ్లు. జీడిమెట్ల వైపు ఒక షెడ్డులో పవర్ ప్రెస్ మీద, అంటే రేకులు నొక్కే మెషిన్ మీద పని. జీతం నెలకు 18 వేలు, ఇచ్చేది కాంట్రాక్టరు. రెండు నెలల కిందట నైట్ షిఫ్టులో కుడిచేతి బొటనవేలు మొదలంటా పోయింది. కాంట్రాక్టరే ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించి బిల్లు కట్టాడు. ఇంటికొచ్చాక 40 వేలు చేతిలో పెట్టి, ఏదో కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్తే ప్రభుత్వం నుంచి సాయం వస్తుందని ఎవరో చెప్పారు, వెళ్లాలా అని అడుగుతున్నారు.

వెళ్లండి, తప్పులేదు. కానీ అది చివరి పని. ముఖ్యమంత్రి సహాయనిధి దయ మీద వచ్చేది, అదీ ఆసుపత్రి బిల్లులు చూసి ఇచ్చేది. మీ విషయంలో ఆ బిల్లులు కాంట్రాక్టరే కట్టాడు. మీ తమ్ముడికి హక్కుగా రావాల్సిన డబ్బు వేరే రెండు చోట్ల ఉంది. ఒకటి ఈఎస్ఐ, అంటే నెలనెలా జీతం మీద చందా కట్టించుకుని నడిపే కార్మికుల ప్రభుత్వ బీమా. రెండోది లేబర్ ఆఫీసు.

నేను లాయర్ని కాను. ఇరవై రెండేళ్లు ఒక కార్మిక సంఘం ఆఫీసులో కూర్చుని ఈ దరఖాస్తులే రాశాను. ఆ అనుభవంలో తేలింది ఒకటే: చట్టం ఏం ఇస్తుందనే దానికంటే, ప్రమాదం జరిగిన రాత్రి ఆసుపత్రి కాగితం మీద ఏం రాశారన్నదే కేసును నడిపిస్తుంది. అందుకే మీ పని అక్కడి నుంచే మొదలవ్వాలి.

రేపు ఉదయమే ఆ ఆసుపత్రికి వెళ్లండి. డిశ్చార్జి సమ్మరీ మీ దగ్గరుంది సరే, మొత్తం కేస్ షీట్ కాపీ కావాలని రాతపూర్వకంగా అడగండి. రోగికి అది ఇవ్వాల్సిందే. అందులో మొదటి పేజీలో ‘ఎలా జరిగింది’ అనే చోట డాక్టరు రెండు ముక్కలు రాసి ఉంటాడు. ‘పని చేసేచోట మెషిన్‌లో చేయి పడింది’ అని ఉంటే మీరు సగం గెలిచినట్టే. ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేయాల్సిన గాయం కేసు) అని నమోదు చేశారా, పోలీసులకు కబురు వెళ్లిందా అన్నది కూడా చూడండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మోచేయి నలిగిపోయిన ఒక కుర్రాడి కేస్ షీట్‌లో ‘బాత్‌రూమ్‌లో జారిపడ్డాడు’ అని ఉండటం నేను చూశాను. ఆటోలో తీసుకెళ్తూ సూపర్‌వైజర్ నేర్పించాడట, ‘అలా చెప్తే పోలీసు గొడవ ఉండదు, ఖర్చంతా మేం చూసుకుంటాం’ అని. నొప్పితో ఉన్నవాడు ఏం చెప్పమంటే అది చెప్తాడు. ఆ ఒక్క వాక్యాన్ని తప్పని నిరూపించడానికి మాకు పద్నాలుగు నెలలు పట్టింది. చివరికి మమ్మల్ని గట్టెక్కించినవి చాలా చిన్నవి: ఆ రాత్రి అతని హాజరు పంచ్ తొమ్మిది గంటలకు పడింది, తిరిగి బయటికెళ్లిన పంచ్ లేదు. తోటి కార్మికుడు రక్తమంటిన మెషిన్ ఫోటో వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, టైముతో సహా. మీ తమ్ముణ్ని 108లో తీసుకెళ్లి ఉంటే ఇంకా మంచిది, ఎక్కడి నుంచి ఎక్కించుకున్నారో వాళ్ల రికార్డులో ఉంటుంది. ఇలాంటివి ఏమున్నా ఇప్పుడే దాచిపెట్టండి. ఫోన్ మారిస్తే పోతాయి, తోటివాళ్లు పని మానేసి ఊళ్లకు వెళ్లిపోతే సాక్షులూ పోతారు.

ఇక రెండో పని. ఈఎస్ఐ ఉందా లేదా అన్నది తేల్చుకోవడం. పే స్లిప్పు ఉంటే చూడండి. ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 18 వేలకు 135 రూపాయలు కోసి ఉండాలి. యజమాని తన వైపు నుంచి మరో 3.25 శాతం కడతాడు. పే స్లిప్పు ఇవ్వకపోతే మీ తమ్ముడి ఫోన్‌లో పాత మెసేజ్‌లు వెతకండి, చేర్చినప్పుడు పది అంకెల ఇన్సూరెన్స్ నంబరు వచ్చి ఉండవచ్చు. అదీ లేకపోతే ఆధార్ పట్టుకుని దగ్గర్లోని ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసుకు వెళ్లండి, వాళ్లు వెతికి చెప్తారు.

‘ఓటీతో కలిపితే జీతం 21 వేలు దాటుతుంది కాబట్టి వీడికి ఈఎస్ఐ వర్తించదు’ అనే మాట మీకు వినిపించవచ్చు. నమ్మకండి. ఆ 21 వేల పరిమితి చూసేటప్పుడు ఓవర్‌టైమ్ కలపరు.

అసలు రిజిస్టరే చేయలేదని తేలితే? చాలామంది అక్కడ నీరుగారిపోతారు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ఫ్యాక్టరీ అయితే, మీ తమ్ముడి జీతం ఆ పరిమితిలోపే ఉంది కాబట్టి, అతను ఈఎస్ఐ కిందికి వచ్చేవాడే. యజమాని చందా కట్టకపోవడం యజమాని తప్పు. కార్మికుడికి ఇవ్వాల్సింది ఇచ్చి, ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకునే అధికారం ఈఎస్ఐ కార్పొరేషన్‌కు ఉంది. పైగా పనిలో తగిలిన గాయానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మొదటిరోజే ప్రమాదం జరిగినా వర్తిస్తుంది. జబ్బు చేస్తే ఇచ్చే భత్యానికి ఆ షరతు ఉంది, గాయానికి లేదు. కౌంటర్లో కూర్చున్నవాళ్లు కూడా ఒక్కోసారి ఈ రెంటినీ కలిపేసి ‘చందా సరిపోలేదు’ అని తిప్పి పంపుతుంటారు. అలా అంటే ‘ఆ మాట రాసివ్వండి’ అని అడగండి. రాసివ్వమనగానే సగం అభ్యంతరాలు మాయమవుతాయి.

ఈఎస్ఐలో వచ్చేవి ఏమిటో మీ తమ్ముడి లెక్కతోనే చూద్దాం. పని చేయలేక ఇంట్లో ఉన్నన్ని రోజులూ సగటు రోజు వేతనంలో 90 శాతం ఇవ్వాలి. 18 వేలంటే రోజుకు సుమారు 600, అందులో 90 శాతం 540. రెండు నెలలకు 32,400. అంటే మీ చేతిలో పెట్టిన 40 వేలు, మంచాన ఉన్న రెండు నెలల భత్యానికి కొంచెం ఎక్కువ, అంతే. పోయిన వేలి లెక్క ఇంకా మొదలే కాలేదు.

ఆ వేలి లెక్క రెండో దశ. గాయం మానాక డాక్టరు ఫైనల్ సర్టిఫికెట్ ఇస్తాడు, తర్వాత మెడికల్ బోర్డుకు పంపుతారు. సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో బోర్డు తేలుస్తుంది. చట్టంలోని షెడ్యూల్ ప్రకారం బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం. చివరి కణుపు ఒక్కటే పోతే 20. చూపుడు వేలు మొత్తం పోయినా 14 శాతమే, బొటనవేలికి ఉన్న విలువ అది. 540లో 30 శాతం 162, నెలకు సుమారు 4,860 రూపాయలు, బతికున్నంతకాలం. మళ్లీ ఉద్యోగంలో చేరి జీతం తీసుకుంటున్నా ఇది ఆగదు. ధరలు పెరిగినకొద్దీ మధ్యమధ్యలో పెంచుతారు కూడా.

ఇక్కడ జాగ్రత్తపడాల్సినవి రెండున్నాయి. భత్యం తీసుకుంటున్న రోజుల్లో వేరేచోట పనికి వెళ్లకూడదు, ‘ఏదో వాచ్‌మన్ పనేలే’ అనుకున్నా సరే, బయటపడితే మొత్తం చిక్కుల్లో పడుతుంది. రెండోది, ఫైనల్ సర్టిఫికెట్ రాగానే ‘అయిపోయింది’ అనుకుని ఇంటికొచ్చేస్తారు. బోర్డుకు పంపమని అడగాలి. బోర్డు ముందు నిలబడే సమయం అయిదు నిమిషాలు కూడా ఉండదు. ఎక్స్‌రేలు పట్టుకెళ్లాలి. చేసే పనేమిటో మాటల్లో చెప్పాలి: కుడిచేత్తో రేకు పట్టి డై (ప్రెస్‌లోని అచ్చు) కింద పెట్టేవాడిని, ఇప్పుడు రేకు చేతిలో నిలవదు అని. ‘కొంచెం ఇబ్బందిగా ఉందండి’ అని మొహమాటపడితే వాళ్లు అదే రాసుకుంటారు. ఇచ్చిన శాతం తక్కువనిపిస్తే మూడు నెలల్లోపు అప్పీలు ఉంది.

ప్రైవేటు ఆసుపత్రిలో వైద్యం జరిగింది కాబట్టి మీకు అదనంగా ఒక మెట్టు ఉంది. డిశ్చార్జి సమ్మరీ, కేస్ షీట్ పట్టుకుని ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టరును కలిసి, ఇక మీదటి చికిత్స అక్కడే తీసుకుంటూ సర్టిఫికెట్లు రాయించుకోవాలి. యజమాని నుంచి యాక్సిడెంట్ రిపోర్టు వెళ్లాలి. అది అతను చేయాల్సిన పని. చేయకపోతే, మీరే ఒక తెల్లకాగితం మీద తేదీ, టైము, మెషిన్ పేరు, పక్కన ఎవరున్నారు అన్నది రాసి బ్రాంచ్ మేనేజర్‌కు ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. అదే కాగితం యజమానికీ, కాంట్రాక్టరుకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఫోన్ ఎత్తనివాడు కూడా రిజిస్టర్డ్ పోస్టు వచ్చాక తనే ఫోన్ చేస్తాడు, నేను చాలాసార్లు చూశాను.

పదిమంది కంటే తక్కువున్న షెడ్డు అయి ఈఎస్ఐ అసలు వర్తించకపోతే, అప్పుడు దారి లేబర్ ఆఫీసు. ఉద్యోగుల పరిహార చట్టం 1923 నాటిది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం, ఈఎస్ఐ చట్టం రెండూ సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయాయి. సెక్షన్ నంబర్లు మారాయి కానీ లెక్క కట్టే పద్ధతి పాతదే. అక్కడ డబ్బు ఇచ్చేది ప్రభుత్వం కాదు, యజమాని. ఇప్పించేది కమిషనర్ హోదాలో కూర్చునే కార్మిక శాఖ అధికారి.

లెక్క ఇలా ఉంటుంది. నెల జీతంలో 60 శాతం తీసుకుని, దాన్ని వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో గుణించాలి. 30 ఏళ్లకు ఆ అంకె 207.98. జీతం ఎంత ఉన్నా లెక్కకు తీసుకునే గరిష్ఠం 15 వేలు, 2020 జనవరి 3 నుంచి. 15 వేలలో 60 శాతం 9 వేలు, దాన్ని 207.98తో గుణిస్తే 18,71,820. ఇది పూర్తిగా పనికిరాకుండా పోయినవాడికి. మీ తమ్ముడిది 30 శాతం కాబట్టి 5,61,546 రూపాయలు. 40 వేలకూ దీనికీ ఎంత దూరముందో మీరే చూడండి. ఆసుపత్రి ఖర్చు యజమాని విడిగా భరించాల్సిందే, ‘బిల్లు కట్టాం కదా’ అని ఇందులోంచి తగ్గించడానికి లేదు. ప్రమాదం జరిగాక నెల రోజుల్లోపు చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆపితే పరిహారంలో 50 శాతం దాకా జరిమానా కూడా వేయవచ్చు.

30 శాతమన్నది కూడా రాతి మీద గీత కాదు. సినిమా హాల్లో అలంకరణ పని చేస్తూ కింద పడి ఎడమచేయి పోగొట్టుకున్న ఒక వడ్రంగి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి సంపాదన శక్తి నూటికి నూరుపాళ్లు పోయినట్టేనని 1975 డిసెంబరులో కోర్టు తేల్చింది. ప్రతి కేసుకూ అది అతకదు, బొటనవేలికి నూరు శాతం వస్తుందని ఆశపెట్టను. కానీ చేతిలో మిగిలిన వేళ్లు కూడా బిగుసుకుపోయి ఉంటే, ఆ సంగతి డాక్టరు చేత రాయించుకుంటే, 30 దాటి అడగడానికి దారి ఉంది.

ఈఎస్ఐ, లేబర్ ఆఫీసు రెండు చోట్లా డబ్బు రాదు. ఈఎస్ఐ వర్తించేవాడికి యజమాని నుంచి ఈ పరిహారం అడిగే హక్కు ఉండదు. ఇది తెలియక కాదు, తొందరపడి నేనే ఒకసారి దెబ్బతిన్నాను. ఈఎస్ఐ లేదని కార్మికుడు చెప్తే నమ్మి నేరుగా కమిషనర్ దగ్గర కేసు వేయించాను. ఏడాది తిరిగాక అవతలి లాయరు అతని ఈఎస్ఐ నంబరు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్లీ మొదటికి వచ్చాం. అప్పటి నుంచి బ్రాంచ్ ఆఫీసు నుంచి రాతలో సమాధానం రాకుండా ఒక్క కేసూ వేయించలేదు. ‘ఈఎస్ఐ అయితే చిల్లర డబ్బులు, అటు వెళ్తే లక్షలు’ అని ఎవరైనా ఊరించినా వినకండి. 30 ఏళ్ల కుర్రాడికి నెలకు 4,860 అంటే ఏడాదికి 58 వేల పైన, పదేళ్లు తిరగకుండానే ఆ అయిదున్నర లక్షలను దాటుతుంది, ఆ తర్వాత కూడా వస్తూనే ఉంటుంది. ఒకేసారి చేతికొచ్చిన అయిదు లక్షలు మూడేళ్ల తర్వాత మిగిలిన ఇళ్లు నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

లేబర్ ఆఫీసు దారే పట్టాల్సి వస్తే గడువు రెండేళ్లు. ప్రమాదం జరిగినచోటే వేయాలని లేదు, మీరు ఉంటున్న చోటి అధికారి దగ్గరా వేయవచ్చు. కాంట్రాక్టరు ఒక్కడినే కాదు, షెడ్డు యజమానిని కూడా ప్రతివాదిగా పెట్టండి. ఎవరి పని కోసం కాంట్రాక్టరు మనిషిని పెట్టాడో ఆ ప్రధాన యజమానిది కూడా బాధ్యతే, తర్వాత వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు. లాయరు ఖర్చు టెన్షన్ పెట్టుకోకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ పారిశ్రామిక కార్మికులకు ఉచితంగా లాయరును ఇస్తుంది, ఆ ఆఫీసు కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఫోన్ నంబరు 15100. వచ్చినదాంట్లో ఇంత శాతం నాకు అని ఒప్పందం రాయించుకునే బ్రోకర్లు లేబర్ ఆఫీసు బయటే తిరుగుతుంటారు, వాళ్లకు దూరంగా ఉండండి.

సంతకం పెట్టిన కాగితం గురించి మీరు ఎక్కువ భయపడుతున్నట్టున్నారు. ‘ఇక నాకు ఏ క్లెయిమూ లేదు’ అని రాసి ఉన్నా సరే, చట్టం ఇచ్చిన పరిహార హక్కును వదులుకునేట్టు చేసే ఒప్పందం చెల్లదు. రాజీ చేసుకుంటే దాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి, మొత్తం మరీ తక్కువైతే ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. గుట్టుగా రాయించుకున్న కాగితానికి ఆ బలం లేదు. మహా అయితే ఆ 40 వేలు పరిహారంలో జమ కట్టమని అడుగుతారు. ఒక రకంగా ఆ కాగితం మీకే పనికొస్తుంది: గాయం తన దగ్గర కాకపోతే డబ్బెందుకిచ్చాడు? వీలైతే దాని ఫోటో సంపాదించండి.

‘సెన్సర్ ఆపేసి నడిపాడు, తప్పు వాడిదే’ అని షెడ్డువాళ్లంటున్నారని కూడా రాశారు. సెన్సర్ అంటే చేయి అడ్డొస్తే మెషిన్‌ను ఆపేది. అజాగ్రత్త వల్ల పరిహారం పోదు. తాగి ఉన్నా, భద్రత కోసం పెట్టినదని తెలిసీ కావాలని మెషిన్ రక్షణ గార్డును తీసేసినా యజమాని ఆ సాకు చెప్పగలడు, అదీ ప్రాణం పోయినప్పుడూ, మనిషి శాశ్వతంగా పూర్తిగా పనికిరాకుండా పోయినప్పుడూ చెల్లదు. టార్గెట్ కోసం సూపర్‌వైజరే సెన్సర్ తీయించి ఉంటే అది కార్మికుడి తప్పెలా అవుతుంది? మిగతా ప్రెస్‌లు కూడా సెన్సర్ లేకుండానే నడుస్తున్నాయా అని తోటివాళ్లను అడగండి. సాధారణంగా జవాబు అవుననే వస్తుంది.

మిగతా పథకాల సంగతి క్లుప్తంగా. బ్యాంకు ఖాతాలో ఏటా 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందా చూడండి, కానీ అందులో పాక్షిక వైకల్యానికిచ్చే లక్ష ఒక కన్నో, ఒక చేయో, ఒక కాలో పోతేనే. బొటనవేలికి రాదు. సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చే ప్రభుత్వ వైద్య పరీక్షకు కూడా వెళ్లవచ్చు, తెలంగాణలో దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు, అయితే 40 శాతం వైకల్యం ఉండాలి. సదరం శాతం శరీరంలో పోయినదానికి, ఈఎస్ఐ బోర్డు శాతం సంపాదనలో పోయినదానికి. ఒకచోటి సర్టిఫికెట్ ఇంకోచోట చూపించి వాదిస్తే పని జరగదు, ఎక్కడిది అక్కడే తీసుకోవాలి. పీఎఫ్ పింఛను పూర్తిగా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినవాళ్లకే కాబట్టి మీకు అవసరం పడదు. భవన నిర్మాణ కార్మికుల బోర్డు కూడా మీ తమ్ముడి పనికి వర్తించదు.

చివర్లో మీరు అడిగిన చిన్న ప్రశ్న, రేషన్ షాపులో, బ్యాంకులో వేలిముద్ర పడటం లేదని. కుడి బొటనవేలే పెట్టాలన్న రూలేమీ లేదు, పది వేళ్లలో ఏదైనా పనిచేస్తుంది, కంటిపాపతో కూడా జరుగుతుంది. ఆధార్ సెంటర్‌కు వెళ్లి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించి, ఫోన్ నంబరు లింక్ అయి ఉందో లేదో చూసుకోండి. దరఖాస్తుల మీద సంతకం కుదరకపోతే ఎడమ బొటనవేలి నిశాని వేసి, పక్కన ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించండి. ఆ ఇద్దరిలో ఒకరు ఆ రాత్రి షిఫ్టులో ఉన్నవాడైతే మరీ మంచిది.